పెళ్లికి పాత పట్టుచీర: బీరువా తీసే ముందు చూసుకోవాల్సినవి

శ్రావణ ముహూర్తాలు పడ్డాయంటే బెజవాడ వస్త్రలతలోనూ, గుంటూరు పట్నం బజారులోనూ నిలబడే చోటుండదు. ఆ వారమే ఇళ్లలో బీరువాలూ తెరుచుకుంటాయి. చాలామంది వాటిలో వెతికేది నగల పెట్టె కోసం. పదిహేనేళ్ల కిందటి పెళ్లిపట్టు అడుగు అరలో, కొన్ననాటి అట్టపెట్టెలోనే, వేసిన మడత వేసినట్టే పడి ఉంటుంది.

దాన్ని మళ్ళీ కట్టుకోవడానికి ఇప్పుడు సస్టైనబుల్ ఫ్యాషన్ అని పేరొచ్చింది. 2017లో సమంత తన పెళ్లికి నాగచైతన్య అమ్మమ్మ రాజేశ్వరి గారి చీరను కొత్తగా తీర్చిదిద్దించుకుని కట్టుకున్నారు. 2023 అక్టోబరులో ఆలియా భట్ జాతీయ సినిమా పురస్కారం అందుకోవడానికి తన పెళ్లి చీరలోనే వెళ్లారు. ఆ ఫొటోలు చూసి ముచ్చటపడటం తేలికే. వాళ్ల వెనక డిజైనర్లు, పనివాళ్లు ఉంటారు. మనకున్నది వీధి చివర టైలరు, పక్క సందులో శారీ రోలింగ్ షాపు. ఆ ఇద్దరితో అయ్యే పని ఏది, ఏం చేస్తే ఉన్న చీర కూడా పోతుంది అన్నది తెలిస్తేనే ఆ ముచ్చట నెరవేరుతుంది.

లెక్క ఎక్కడ మారుతుంది

కిలో ముడిపట్టు తీయడానికి ఆరేడు కిలోల పట్టుగూళ్లు కావాలి. ఆ పట్టును ఉడికించి జిగురు తీసేస్తే బరువులో దాదాపు పావువంతు పోతుంది. అర కిలో పట్టున్న చీర అంటే నాలుగు కిలోలకు పైగా గూళ్లన్నమాట. ఒక్కో గూడు రెండు గ్రాములు కూడా తూగదు కాబట్టి చీరకు రెండు వేల గూళ్లు దాటతాయి. మల్బరీ తోటకు పెట్టిన నీళ్లు, అద్దకం, జరీలో వెండి, మగ్గం మీద గడిచిన రోజులు వీటికి అదనం. ఇదంతా చీర కొట్టుకు రాకముందే ఖర్చయిపోయింది. 30 వేల చీర ఒక్కసారి కట్టి దాస్తే ఆ ఒక్క పూట ఖరీదు 30 వేలు. పన్నెండు సార్లు కడితే పూటకు 2,500.

ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. అందరూ మర్చిపోయేది ఒకటుంది. పాతది కట్టడం వల్ల ఆదా అయ్యేది పాత చీర కాదు, కొనకుండా ఆగిన కొత్త చీర. ముహూర్తానికి అమ్మ చీర కట్టి, రిసెప్షన్‌కి మరో కొత్తది కొని, పాత చీరకు సరిపోవాలని వేలు పోసి మగ్గం వర్క్ జాకెట్టు కుట్టించి, దాని మీదకి కొత్త నగలు తీసుకుంటే చివరికి కొన్నవే ఎక్కువ. అది తప్పని కాదు. కాకపోతే దాన్ని పొదుపు ఖాతాలో రాసుకోకూడదు.

అసలు వృథా పట్టుచీరల్లో లేదు కూడా. పట్టుచీరను ఎవరూ పారేయరు, మహా అయితే దాస్తారు. వృథా అంతా హల్దీకి అందరికీ ఒకటే పసుపు రంగు డ్రెస్ కోడ్, సంగీత్‌కి పాలియెస్టర్ నెట్ లెహంగా, ఫంక్షన్ ఫంక్షన్‌కీ చేతులు మారే పెట్టుబడి చీరలు, జాకెట్టు ముక్కలు. పెట్టుబడి చీర సంగతి ఇచ్చేవాళ్లకీ తెలుసు, పుచ్చుకునేవాళ్లకీ తెలుసు. అది ఎవరి ఒంటి మీదకీ ఎక్కకుండా నాలుగు ఇళ్లు తిరుగుతుంది. హల్దీకి ఇంట్లో ఉన్న ఏ పసుపు చీరయినా సరే అని ఆహ్వానంలో ఒక్క మాట చేరిస్తే ఆగే కొనుగోళ్లు, పెళ్లికూతురు పాత పట్టు కట్టడం వల్ల ఆగేవాటికంటే చాలా ఎక్కువ.

మరి అందరూ పాతవే కడితే మంగళగిరి, ఉప్పాడ నేతగాళ్ల గతేంటి అనే ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. అయితే మగ్గం నేతకు పోటీ బీరువాలోని చీర కాదు, మంగళగిరి చీరలకు పేరు తెచ్చిన నిజాం అంచును మరమగ్గం మీద దించి సగం ధరకు అమ్మే నకలు. ఏటా ఐదు నకళ్లు కొనే చోట ఒక అసలు చేనేత కొని ఇరవై ఏళ్లు కట్టే ఇల్లు నేతగాడికి నష్టం చేయదు.

బట్ట ఏదో ముందు తేలాలి

పాత చీరలకు చీటీలుండవు. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ వచ్చిందే 2004లో, అంతకు ముందు చీరకు అమ్మిన కొట్టువాడి మాటే సాక్ష్యం. పట్టు అనుకున్నది సగం ఆర్ట్ సిల్క్ కావడం మామూలే. ఉతుకు, ఇస్త్రీ, మరమ్మతు అన్నీ బట్టను బట్టి మారతాయి కాబట్టి పరీక్ష ఇక్కడే మొదలుపెట్టాలి.

లోపలి చెంగు కొస నుంచి రెండు అంగుళాల దారాలు రెండు లాగండి. ఒకటి పడుగు, అంటే చీర పొడవునా సాగేది; ఒకటి పేక, అంటే అడ్డంగా వచ్చేది. రెండూ వేరు వేరుగా చూడాలి, ఎందుకంటే పడుగు పాలియెస్టర్, పేక పట్టు ఉన్న చీరలు చాలా ఉన్నాయి. పట్టకారుతో పట్టుకుని స్టీలు గిన్నె మీద అగ్గిపుల్లతో అంటించండి. పట్టు జుట్టు కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి పూస వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా బిగుసుకుంటుంది. నూలూ, రేయానూ కాగితంలా కాలి బూడిద వదులుతాయి. ఆర్ట్ సిల్క్ పేరుతో అమ్మేది ఈ రేయానో, ఆ పాలియెస్టరో.

జరీకి వేరే పరీక్ష. అసలు జరీలో మధ్యన పట్టుదారం, దాని చుట్టూ చదును చేసిన వెండి తీగ, పైన పలచటి బంగారు పూత ఉంటాయి. ఒక పోగును గోటితో గీకి విప్పితే లోపల ఎర్రటి దారం కనిపిస్తుంది, గీకిన చోట వెండి తెల్లగా మెరుస్తుంది. గీకిన చోట రాగి ఎరుపు కనిపిస్తే అది టెస్టెడ్ జరీ, అంటే రాగి తీగకు వెండి పూత. విప్పగానే పలచటి ప్లాస్టిక్ పట్టీలా ఊడొస్తే ఇమిటేషన్. తేడా ఎందుకంటే, వెండి జరీ గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది, అయినా తీగ గట్టిగానే ఉంటుంది. రాగి జరీ చెమటకూ తేమకూ ఆకుపచ్చ చిలుము పడుతుంది, అది పక్కనున్న పట్టునూ తినేస్తుంది. ప్లాస్టిక్ జరీ ఇస్త్రీ పెట్టె తగలగానే ముడుచుకుపోతుంది.

నల్లబడిన జరీని చింతపండుతోనో, నిమ్మకాయతోనో, పళ్ల పేస్టుతోనో తోమమని వీడియోలు బోలెడు. ఇత్తడి చెంబుకూ చీరకూ తేడా తెలియనివాళ్లు చెప్పే మాట అది. పులుపు పట్టు రంగును తేలుస్తుంది, రాపిడికి బంగారు పూత లేచిపోతుంది, పూత పోయాక వెండి ఇంకా తొందరగా నల్లబడుతుంది. వెండి జరీ కాస్త మసకబారితే అలాగే ఉంచండి. ఆ మసకనే ఇప్పుడు యాంటిక్ జరీ పేరుతో కొత్తగా నేయించి అమ్ముతున్నారు. చిలుము పట్టిన రాగి జరీ మాత్రం ఏ పాలిష్‌కీ తిరిగి రాదు.

మడత దగ్గర పరీక్ష

చీర ఎక్కడ చస్తుందో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. పట్టు పోగు వంగిన చోటే ఏళ్ల తరబడి వంగి ఉంటే, అక్కడ లోపలే విరుగుతుంది. అందుకే మొదట మడత గీతలు చూడాలి. తర్వాత అంచూ ఒళ్లూ కలిసే అతుకు. ఆ తర్వాత భుజం మీద పిన్ను పెట్టే చోటు, నడుము దగ్గర దోపుకునే చోటు, ఫాల్ కుట్టిన గీత.

పగటి వెలుగులో కిటికీకి అడ్డంగా చీర పట్టుకోండి. మడత గీత వెంట సన్నటి వెలుతురు గీతలు కనిపిస్తే పోగులు తెగడం మొదలైందని అర్థం. తర్వాత ఆ మడతకు అటూ ఇటూ అంగుళంన్నర దూరంలో రెండు బొటనవేళ్లూ ఆనించి, మెల్లగా ఎడం చేయండి. మంచి పట్టు కాస్త సాగినట్టుండి వెనక్కి వస్తుంది. చిటచిటమన్న చప్పుడు వచ్చినా, పోగులు విడిపోయినా ఆ చీర అలాగే కట్టుకోవడానికి పనికిరాదు. కట్టుకున్నాక కూర్చున్నప్పుడు నడుము దగ్గర పడే లాగుడు మన వేళ్ల లాగుడు కంటే ఎన్నో రెట్లు. పీటల మీద కూర్చుని లేచేటప్పుడు చీర చీలిందంటే కారణం చాలాసార్లు ఇదే.

ఒకటి రెండు చోట్ల మాత్రమే చీలి ఉంటే దారి ఉంది. రంగుకు దగ్గరగా ఉన్న పలచటి నైలాన్ నెట్టునో, ఆర్గంజానో చీలికకు చుట్టూ ఒక అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించి, వెనక వైపు పెట్టి, సన్నసూదితో ఒంటి పట్టుదారంతో దూరదూరంగా కుట్టించాలి. చీలిక అంచులను దగ్గరికి లాగి బిగించి కుడితే పక్కనే కొత్త చీలిక పుడుతుంది. ఇస్త్రీతో అంటుకునే కాన్వాసు వద్దు, ఆ చోటు అట్టముక్కలా తయారై దాని అంచు వెంటే మళ్ళీ తెగుతుంది. చిన్న రంధ్రాలకైతే రఫూ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. లోపలి చెంగు నుంచి తీసిన దారమే ఇస్తే రంగు తేడా రాదు.

దెబ్బ ఎక్కడుందన్నదీ ముఖ్యమే. నడుము చుట్టూ తిరిగే మొదటి మీటరు ఎవరికీ కనపడదు, అక్కడ నెట్టు అతుకు ఉన్నా ఇబ్బంది లేదు. భుజం దగ్గర అతుకు ఉంటే మాత్రం పైట పరిచి వేయకుండా మడతలు పెట్టి పిన్ను చేయాలి. పిన్నుకు ముందు ఒక ముత్యం ఎక్కించి ఆపైన గుచ్చితే బట్ట పిన్ను చుట్టలో ఇరుక్కుని చిరగదు.

మరకలు, వాసన, రోలింగ్

రోలింగ్ షాపుకి ఇచ్చేముందు రంగు పరీక్ష మన ఇంట్లోనే చేసుకోవాలి. తెల్ల నూలు గుడ్డ తడిపి పిండి, అంచు వెనక వైపు రెండు నిమిషాలు ఒత్తి పట్టండి. రంగు దిగితే ఆ చీరను నీళ్లలో ముంచకూడదు. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ అంచులు ఎక్కువగా ఇలా దిగుతాయి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందనేది నమ్మకం మాత్రమే. అద్దిన రోజు పట్టని రంగును ఇరవై ఏళ్ల తర్వాత ఉప్పు పట్టించలేదు.

పెట్రోల్ వాష్, అంటే నీళ్లు తగలకుండా చేసే డ్రై క్లీనింగ్, నూనె, నెయ్యి మరకల్ని కరిగిస్తుంది. చెమట, శర్బత్, కూల్‌డ్రింక్ మరకల్ని ముట్టదు, అవి నీళ్లకే కరుగుతాయి. పెళ్లిరోజు కనపడని కూల్‌డ్రింక్ చుక్క రెండేళ్ల తర్వాత గోధుమరంగు మచ్చగా తేలేది ఇందుకే. కాబట్టి షాపులో చీర ఇచ్చేటప్పుడు మరక ఉన్న చోట దారంతో గుర్తు కుట్టి, అది దేని మరకో చెప్పండి. చెప్పకపోతే వాళ్లు అన్నిటికీ ఒకటే మందు వేస్తారు.

పసుపు మరకకు ఒక చిత్రం ఉంది. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. పసుపులోని రంగు పదార్థం క్షారానికి అలా మారుతుంది. అంతేగానీ మరక పెరగలేదు. సబ్బంతా పోయేదాకా మంచినీళ్లతో జాడిస్తే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. పసుపుకి ఎండ పడదు. నూలు బట్టయితే తడిమీద ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో మరక తేలిపోతుంది. పట్టును మాత్రం అలా ఎండేయకూడదు, మరకతో పాటు చీర రంగూ బలమూ పోతాయి. తలంబ్రాల నెయ్యి మరకైతే అప్పటికప్పుడే ముఖానికి వేసుకునే పౌడరో, సుద్ద పొడో దట్టంగా చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున దులపాలి. చాలావరకు పీల్చుకుంటుంది.

ఇంట్లోనే ఉతకదలిస్తే, రంగు దిగని చీరకే ఈ పని. పది కుంకుడుకాయలు గింజ తీసి లీటరు గోరువెచ్చని నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, గుడ్డలో వడగట్టి, అర బకెట్ చల్లనీళ్లలో కలపండి. చీర ఐదు నిమిషాలకు మించి ఉంచొద్దు. మూడుసార్లు జాడించి, పిండకుండా తువ్వాల్లో చుట్టి తడి అద్ది, నీడన ఆరేయాలి. తెలుపు, మీగడ రంగు చీరలకు కుంకుడు వద్దు, దాని గోధుమ ఛాయ పట్టేస్తుంది. బట్టల సబ్బు పొడి ఏ పట్టుకూ వద్దు. అందులో క్షారం ఎక్కువ, పట్టు మన జుట్టు లాంటి మాంసకృత్తి.

ఇక రోలింగ్. ఉతికిన చీరకు పలచగా గంజి లాంటిది పట్టించి, రోలరుకు బిగువుగా చుట్టి ఆరబెడతారు. ముడతలు పోయి చీర కొత్తదానిలా బిగుస్తుంది. ఆ బిగువే బలహీనమైన చీరకు ప్రాణాంతకం. మడత పరీక్షలో చిటచిటమన్న చీరను రోలింగ్‌కి ఇస్తే మడత గీత వెంట చీలి తిరిగొస్తుంది, అప్పుడు షాపువాడితో గొడవ పెట్టుకుని లాభం లేదు. అలాంటిదానికి ఉతుకు ఒక్కటే చేయించి, ఇంట్లో వెనక వైపు నుంచి నూలు గుడ్డ వేసి, సిల్క్ వేడి మీద ఇస్త్రీ చేసుకోవాలి. ఆవిరి ఇస్త్రీ పెట్టె నీటి చుక్కలు కక్కితే పట్టు మీద మచ్చలు పడతాయి, ఆ మీట ఆపేయండి.

ప్రతి ఫంక్షన్ తర్వాతా వాష్‌కి వేయడం కూడా మంచిది కాదు. ఏసీ హాల్లో రెండు గంటలు కట్టిన చీరను ఒక రాత్రి ఫ్యాను కింద ఆరేస్తే చాలు. వైశాఖంలో బెజవాడ ఎండకు తడిసి ముద్దయినదాన్ని మాత్రం వారంలోపే ఇవ్వాలి, చెమట ఉప్పు లోపలుంటే పట్టు పెళుసవుతుంది.

జాకెట్టు

చీర అందరికీ పడుతుంది, జాకెట్టు ఎవరికీ పట్టదు. పాతది కడదామన్న మాట ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ముందు లోపలి మార్జిన్ చూడండి. పాతకాలం టైలర్లు పక్క కుట్టుల దగ్గర ముందు ముక్కకూ వెనక ముక్కకూ చెరో అంగుళం వదిలేవారు. అందులో పావు అంగుళం కుట్టుకు ఉంచినా, ముప్పావు చొప్పున నాలుగు చోట్ల కలిపి చుట్టుకొలత 3 అంగుళాలు పెరుగుతుంది. అంతకంటే ఎక్కువ కావాలంటే పక్కల్లో ముక్క వేయాలి. ఛాతీ సరిపోయి చేయి ఎత్తితే బిగుస్తుందంటే సమస్య చంకలో ఉంది. అక్కడ 3 అంగుళాల డైమండు ముక్క వేస్తే చేయి ఆడుతుంది, పైకి కనపడదు. కుట్టు విప్పగానే పాత సూది రంధ్రాల వరస, వెలవని ముదురు రంగు పట్టీ బయటపడతాయి. వెనక నుంచి తడి గుడ్డతో తుడిచి ఇస్త్రీ చేస్తే రంధ్రాలు కొంత మూసుకుంటాయి. రంగు పట్టీ మాత్రం పోదు, చేతి కింద దాగుతుంది.

విప్పడానికి ముందు చంక భాగాన్ని గట్టిగా లాగి చూడాలి. పాత చెమటకు అక్కడ పట్టు పొడి అయిపోయి ఉంటే మార్జిన్ ఎంతున్నా దండగ. ఆ జాకెట్టు చేతుల అంచు కత్తిరించి పక్కన పెట్టుకుని కొత్తది కుట్టించుకోవాలి.

కొత్త జాకెట్టుకు మ్యాచింగ్ సెంటర్‌లో అదే రంగు కోసం అరగంట వెతకడం వృథా. ఇరవై ఏళ్లు వెలిసిన రంగు ఏ తాన్‌లోనూ ఉండదు, దగ్గరగా ఉన్న రంగు పక్కన పెడితే పాత చీర ఇంకా వెలిసినట్టు కనిపిస్తుంది. వేరే రంగే తీసుకోండి. ముదురు ఆకుపచ్చ చీరకు వంగపండు, మెరూన్‌కి ఆవాల పసుపు, నీలానికి రాణీ గులాబి. ముక్క కాదు, చీరే వెంట తీసుకెళ్లి కొట్టు బయట పగటి వెలుగులో పెట్టి చూడాలి. లోపల లైట్ల కింద కలిసిన రంగులు బయట విడిపోతాయి. పెడన కలంకారీ జాకెట్టు పాత పట్టు మీద చాలా బాగుంటుంది. సహజరంగుల కలంకారీ అయితే దాని నలుపు ఇనుప తుప్పుతో చేసిన రంగు, నిమ్మరసం పడితే తేలిపోతుంది. ఏ జాకెట్టుకైనా నూలు లైనింగ్, విడిగా తీసి ఉతికే చంక ప్యాడ్లు పెట్టిస్తే తర్వాతి తరానికి అది మిగులుతుంది.

మగ్గం వర్క్ ఉన్న పాత జాకెట్టు బిగుతైతే పని అంతా పారేయనక్కర్లేదు. బుటా చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించి, కొత్త జాకెట్టు మీద పెట్టి చుట్టూ దారంతో మూయవచ్చు. జిగురుతో అంటించిన రాళ్లు మన వేడికి కొన్నేళ్లలో ఎలాగూ రాలతాయి. కుట్టిన పూసలు నిలుస్తాయి.

చీర లంగాగా మారితే

ఒళ్లు పోయి అంచు మిగిలిన చీర, లేదా కట్టడానికి అమ్మాయికి బరువనిపించే చీర ఓణీల ఫంక్షన్‌కు లంగా అవుతుంది. కొలత ఇలా చూడాలి. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. పన్నాయే లంగా ఎత్తు అవుతుంది, కింది అంచు అలాగే లంగా అంచు అవుతుంది. పొడవులో 4 మీటర్లు కుచ్చులకు పోతే మిగిలిన కొంగు జాకెట్టుకు సరిపోతుంది. పై అంచు నడుము పట్టీ లోపలికి పోయి ముద్దగా తయారవుతుంది కాబట్టి దాన్ని ముందే కోసి తీసేసి ఓణీకి వాడుకోవాలి. పెరిగే పిల్లయితే పైన 4 అంగుళాలు లోపలికి మడిచి కుట్టించండి, రెండేళ్లు వస్తుంది.

ఒళ్లంతా చీలిపోతే రెండు అంచులే తీయండి. ఐదున్నర చొప్పున 11 మీటర్ల అంచు వస్తుంది. లంగాకు 4 మీటర్లు, రెండున్నర మీటర్ల ఓణీకి రెండు వైపులా 5 మీటర్లు, చేతులకు మిగిలినది. కొత్త ఒంటికి మంగళగిరి పట్టునూలు లేదా రా సిల్క్ వాడాలి. బరువైన జరీ అంచును జార్జెట్‌కో షిఫాన్‌కో వేస్తే బట్ట కిందికి సాగి, అంచు అలలు తిరుగుతుంది. ఫాల్ వేసేదైతే నూలు ఫాల్‌ను ముందు రోజు తడిపి ఆరబెట్టాలి, లేదంటే మొదటి ఉతుక్కే కుంచించుకుపోయి అంచును పట్టి లాగుతుంది.

ఒకసారి కత్తెర పడ్డాక మళ్ళీ చీర కాదు. గట్టిగా ఉన్న చీరను లంగాగా, అనార్కలిగా కోయించడం తొందరపాటే. చీరగా అది ముగ్గురు కట్టుకోగలరు, అనార్కలిగా ఒక్కరికే, అదీ ఆ ఒళ్లు మారేదాకా.

మగవాళ్ల సంగతి తేలిక. పట్టు పంచె, కండువాకు సైజు లేదు, తాతది మనవడికి పడుతుంది. పాంటు వెనక మధ్య కుట్టులో అంగుళంన్నర దాకా బట్ట ఉంటుంది, అంతవరకే లూజు. షేర్వాణీ కొనడం కంటే అద్దెకు తేవడం మేలు.

శుభకార్యానికి పాతబట్ట కూడదన్న పెద్దవాళ్ల అభ్యంతరానికి సమాధానం ఆచారంలోనే ఉంది. మధుపర్కాలు కొత్తవే ఉండాలి. అవి తెల్ల నూలు బట్టలు, ఖర్చూ తక్కువ, తర్వాత పూజకు పనికొస్తాయి. మిగతా వాటికి అంత పట్టింపు లేదు, పైగా మడికి ఏళ్ల తరబడి ఒకే పట్టుబట్ట కట్టే ఇళ్లు మనవే. అమ్మమ్మ గారికి మనసొప్పకపోతే కొత్త జాకెట్టు ముక్కకు పసుపు పెట్టి దాన్నే కుట్టించండి.

పనులకు గడువు గురించి ఒక మాట. ముహూర్తానికి 45 రోజుల ముందు చీర తీసి పరీక్షలు చేయాలి. 30 రోజుల ముందు వాష్‌కి, అక్కడి నుంచి రాగానే టైలర్‌కి. వారం ముందు ఒక గంట కట్టుకుని కూర్చుని, లేచి, చేతులెత్తి చూడాలి. సీజన్‌లో ఏ టైలరూ చెప్పిన రోజుకు ఇవ్వడు, ఆ వారం దాని కోసం కూడా.

మళ్ళీ బీరువాలోకి

ప్లాస్టిక్ కవరు, అట్టపెట్టె, న్యూస్ పేపరు మూడూ వద్దు. ఉతికిన తెల్ల మల్‌మల్ గుడ్డలో చుట్టి, జరీ లోపలి వైపుకు వచ్చేలా మడిచి, మూడు నెలలకోసారి మడత చోటు మార్చాలి. రబ్బరు బ్యాండ్లు దగ్గరికి రానివ్వొద్దు, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. సెంటు చీర మీద కొట్టకూడదు. నూలు చీరలకు గంజి తీసేసి దాచాలి, గంజి కోసమే వెండిలా మెరిసే సన్న పురుగు వస్తుంది.

కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డలో కట్టి అర మూలన పెట్టండి. వాటితో పాటు కర్పూరం వేయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ రెండూ ఒకదానికొకటి తగిలితే కరిగి ద్రవమవుతాయి, ఆ మరక పోదు. ఏదో ఒకటే వాడాలి, లేదా ఎండిన వేపాకు, లవంగాల మూట చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కింది అరల్లోని పట్టుచీరలన్నీ బురదలో నానాయి. అలాంటప్పుడు మూటగా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో బూజు పడుతుంది. సబ్బు లేకుండా మంచినీళ్లలో విడివిడిగా జాడించి బురద వదిలించి, రంగు దిగేవాటిని వేరు చేసి, ఫ్యాను కింద ఆరేయడమే అప్పటికి చేయగలిగేది. బురద ఎండాక బ్రష్షుతో రుద్దితే ఇసుక రేణువులు పోగుల్ని కోస్తాయి. పట్టుచీరల చోటు బీరువాలో పై అర.

ఏ రకంగానూ పనికిరాని చీర మిగిలితే స్టీలు సామాన్లవాడికి వేసే ముందు జరీ పరీక్ష గుర్తుంచుకోండి. పాత జరీ చీరలు కొనేవాళ్లు చీరను కాల్చి వెండి తీస్తారు, వాళ్లిచ్చే ధర ఆ వెండి బరువుకే. రాగి జరీకి, ప్లాస్టిక్ జరీకి వాళ్ల దగ్గర విలువ లేదు. అసలు జరీ అయితే అంచు గట్టిగా ఉందేమో చూసి, ఉంటే అంచు కోసి ఉంచుకోండి. మిగిలిన ఒళ్లు పలచబడినా బొంతకు పనికొస్తుంది.